విమానం దిగడానికి ఒక పేరు కావలెను

తిరుపతి నుంచి వచ్చిన విమానం విశాఖ మీద నాలుగో చుట్టు మొదలుపెట్టింది. కింద గోస్తనీ ఎయిర్‌వేస్ కంట్రోల్ రూములో ఒక్కరూ కుర్చీలో లేరు. ఇలాంటి సమయంలో కూర్చుంటే ఆ కుర్చీ తాలూకు బాధ్యత కూడా మీద పడుతుందని అందరూ గోడలకి ఆనుకుని నిలబడ్డారు.

ఫోను మోగింది. విమానాశ్రయం టవర్ నుంచి.

"రన్‌వే ఖాళీగా ఉంది. గాలి అనుకూలంగా ఉంది. మీ విమానం ఎందుకు దిగడం లేదు?"

"దిగుతాదండి. పేపరొకటి రెడీ అవుతోంది," అన్నాడు డ్యూటీలో ఉన్న అప్పలకొండ.

"ఎగరడానికి పేపరుంటుంది గానీ, దిగడానికి పేపరేంటయ్యా?"

అప్పలకొండ ఫోను అరచేత్తో మూసి పక్కకి తిరిగాడు. "మేడమ్, ఏటని సెప్పమంటారు?"

హేమనళిని దగ్గర జవాబు ఉంది. చెబితే వాళ్ళు నమ్మరు, అంతే.

ఆ సంస్థలో ఇంజన్ల ఆరోగ్యం చూసే విభాగానికి హేమనళిని అధిపతి. ఏ విమానం ఎగరొచ్చో, ఏది ఎగరకూడదో చెప్పి సంతకం పెట్టేది ఆవిడే. ఇవాళ పొద్దున ఎగరకూడదని సంతకం పెట్టిన విమానం, ఇప్పుడు సరిగ్గా ఆవిడ నెత్తిమీద తిరుగుతోంది.

సంగతేమిటంటే, ఆ విమానం ఎడమ ఇంజన్లో టర్బైన్ డిస్కు అని ఒక ఉక్కు చక్రం ఉంది. అన్నం కంచమంత వెడల్పు. విమానం ఎగిరినప్పుడల్లా అది నిప్పులా కాగుతుంది, దిగాక చల్లారుతుంది. కాగి చల్లారి, కాగి చల్లారి లోపల్లోపలే అలసిపోతుంది. పైకి మాత్రం పెళ్ళికొడుకులా మెరుస్తూనే ఉంటుంది. అందుకని చేసినవాళ్ళే దానికి ఆయుష్షు రాసి పంపుతారు. ఒకసారి ఎగిరి దిగితే ఒకటి. లెక్క నిండిందంటే, అది ఎంత నిగనిగలాడినా సరే, బయటికి తీసి ముక్కలుగా కోసి పారెయ్యాలి. ప్రపంచమంతా ఇదే పద్ధతి. ఇందులో నవ్వుకోవడానికి ఏమీ లేదు. గోస్తనీ ఎయిర్‌వేస్ చేతిలో పడేదాకా లేదు.

గోస్తనీ వారికి ముందుగా వచ్చిన తగువు ఖాతాల తగువు. తిరుపతిలో ఎగిరి విశాఖలో దిగితే అరిగిన డిస్కు ఏ ఊరి ఖర్చు? రెండు ఊళ్ళ మేనేజర్లూ నాది కాదంటే నాది కాదన్నారు. అకౌంట్స్ అధిపతి సన్యాసినాయుడు కూర్చుని ధర్మరాజులాంటి తీర్పు ఇచ్చాడు. ఎగరడం అర, దిగడం అర. ఎగిరిన అర బయల్దేరిన ఊరిది, దిగిన అర చేరిన ఊరిది. ఏ ఊరికి ఎన్ని అరలో ముందే పంచేశారు.

ఆ తర్వాత ఒకసారి రాజమండ్రిలో దిగిన విమానానికి ఎడమ ఇంజన్ మొరాయించింది. ఆ ఇంజన్ని ఊడదీసి, లారీ ఎక్కించి, తిరుపతి పంపి, బాగుచేసి అక్కడున్న విమానానికి బిగించారు. అంటే ఆ డిస్కు రాజమండ్రిలో దిగింది గానీ రాజమండ్రి నుంచి ఎగరలేదు. ఎగిరే అర ఒకటి మిగిలింది! మిగిలిన ఆ అర తిరుపతి ఖాతాలో పడింది. దిగే అరలు మాత్రం ఏ ఊరి ఖాతాలోనూ లేవు.

"మన దగ్గర ఎగిరే హక్కు ఉంది మేడమ్. దిగే హక్కే లేదు," అని పొద్దున సన్యాసినాయుడు ఎంతో సంతోషంగా చెప్పాడు.

"దిగే హక్కు లేనిదాన్ని ఎగరనివ్వకూడదండీ," అని హేమనళిని అంతకంటే స్పష్టంగా చెప్పి, విమానాన్ని ఆపమని సంతకం పెట్టింది.

అయినా ఎవరో దాన్ని ఎగరేశారు.

ఆ ఎవరో ఎవరన్నదే ఇప్పుడు సమస్య. ఎందుకంటే గోస్తనీ వారి భద్రతా నియమావళి ప్రకారం, ఆయుష్షు తీరిన భాగంతో విమానం దిగాలంటే ప్రత్యేక అనుమతి కావాలి. ఆ అనుమతికి ఒకటే షరతు. పరిమితి దాటించిన వ్యక్తి పేరు, హోదా రేడియోలో పైకి చెప్పి రికార్డు చెయ్యాలి. ఇది జవాబుదారీ మాసోత్సవాల్లో పుట్టిన నియమం.

దాని తర్వాత నెల నిందారహిత మాసోత్సవం వచ్చింది. ఎవరో పై దేశంలో తప్పు చేసినవాణ్ణి తిట్టకపోతే తప్పులు బయటికొస్తాయని కనిపెట్టారట. మంచి మాటే. గోస్తనీ వారు దాన్ని ఇంకాస్త ముందుకి తీసుకెళ్ళి, తప్పుతో కలిపి ఎవరి పేరూ ఎవరూ పలకకూడదని శాసించారు. అలా పలికిన పేరు చెల్లదు. పలికినవాడి ఉద్యోగం కూడా చెల్లదు.

రెండు నియమాలూ రాసింది భద్రతా సంస్కృతి డైరెక్టరు ముక్కామల దివాకరం. మొదటిది రద్దు చేద్దామంటే, నియమాలు రద్దు చేసే నియమం ఇంకా రాయలేదు.

"గోస్తనీ కంట్రోల్, ఇది కెప్టెన్ జకరయ్య." స్పీకర్లో గొంతు గరగరలాడింది. "ట్యాంకులో ఆయిల్ ఇంకో ముప్పావుగంటకి సరిపోతుంది. సముద్రం మీంచి మబ్బు కదులుతోంది. అది రన్‌వే మీదికొచ్చిందంటే నాకు నేల కనబడదు. తొందరగా ఆ పేరేదో చెప్పండి."

హేమనళిని మైకు అందుకుంది. "కెప్టెన్, పేరూ గీరూ తర్వాత. మీరు దిగిపోండి."

"దిగిపోనా? పోయిన వేసవిలో అనుమతి రాకుండా దిగినందుకు మా రంగనాథాన్ని ఏం చేశారో తెలుసు కదా మేడమ్? ఆరు నెలలు శిక్షణలో కూర్చోబెట్టి టేకాఫ్‌లు మాత్రమే చేయించారు. పాపం, ఇప్పుడు స్కూటరు ఆపడానికి కూడా భయపడుతున్నాడు. ఆయిల్ ఎర్రగీత దాకా వస్తే ఎవరి మాటా వినను, దింపేస్తాను. చంపుకోను కదా జనాన్ని. కానీ అప్పటికి మబ్బు వచ్చేసి ఉంటుంది. గుడ్డివాడిలా దిగాలి."

సరిగ్గా అప్పుడే మేనేజింగ్ డైరెక్టరు జగదీశ్వర్ లోపలికొచ్చారు. సూటు మీద గులాబీ గుచ్చుకుని ఉన్నారు. పక్కనే ఉన్న వీఐపీ లాంజిలో ఢిల్లీ నుంచి వచ్చిన పెద్దలు శాలువాతో ఎదురుచూస్తున్నారు. గోస్తనీ ఎయిర్‌వేస్‌కి ఈ సాయంత్రం 'ఉత్తమ నిందారహిత సంస్థ' పురస్కారం. సంస్థ తరఫున అందుకోవలసినది దివాకరం.

ఆయన వెనకే సామరస్య అధికారిణి సుచరిత వచ్చింది. చేతిలో ఇత్తడి గంట. ఎవరైనా ఎవరి పేరైనా తప్పుతో కలిపి పలికితే ఆ గంట కొట్టడం ఆవిడ ఉద్యోగం.

"పరిస్థితి సమీక్షించబడుతోందా?" అన్నారు జగదీశ్వర్.

"విమానం ఆయుష్షు తీరిన డిస్కుతో ఎగిరింది సార్," అంది హేమనళిని.

"ఎగరడం జరిగింది," అని సరిదిద్దారు ఆయన. "ఎవరో ఎగరేశారనే ధ్వని రాకూడదు. ఎగరడం జరిగింది. ఇప్పుడు దిగడం జరగాలి. దానికేం అడ్డు?"

"పేరు కావాలి సార్."

"పేరు చెప్పకూడదు కదమ్మా."

"చెప్పకూడదు సార్. కానీ కావాలి."

జగదీశ్వర్ కిటికీలోంచి ఆకాశం వంక చూశారు. విమానం ఎండలో మెరుస్తూ, చాలా ప్రశాంతంగా, ఊరి మీద గుండ్రంగా తిరుగుతోంది. "దివాకరంగారిని అడగండి. రెండూ ఆయన రాసినవే. ఆయన ఒక్క సంతకం పెడితే..."

"ఫోను ఆఫ్‌లో ఉందండి," అన్నాడు అప్పలకొండ.

"ఎక్కడున్నారు?"

అప్పలకొండ వేలు పైకి చూపించాడు.

మొదట అందరూ వేరే అర్థం చేసుకున్నారు. సుచరిత చెయ్యి గుండె మీద వేసుకుంది.

"అయ్యో అది కాదండి. ఆ విమానంలోనే ఉన్నారు. మూడో వరసలో కిటికీ సీటు."

హేమనళిని మైకు నొక్కి, క్యాబిన్ సిబ్బందితో కబురు పంపమంది. దిగడానికి సంతకం కావాలి, ఇస్తారా అని. రెండు నిమిషాల్లో జకరయ్య గొంతులో జవాబు వచ్చింది.

"ఆయన ఇలా చెప్పమన్నారు. 'ప్రయాణికుడిగా ఉన్నప్పుడు అధికారిగా వ్యవహరించడం భద్రతకి విరుద్ధం. విమానం దిగిన తర్వాత ఆఫీసులో కలవగలరు.' ఇంకో కాఫీ కూడా అడిగారు."

"దిగడానికి సంతకం అడిగితే దిగాక కలవమంటారేమిటి?" అంది హేమనళిని.

"నిబద్ధత అంటే అదీ," అన్నారు జగదీశ్వర్ తడి కళ్ళతో.

వెంటనే ఒక కమిటీ ఏర్పడడం జరిగింది. గోడకి ఆనుకున్న సన్యాసినాయుడు, సుచరిత, జగదీశ్వర్. ముగ్గురూ నిలబడే సమావేశమయ్యారు. మొదటి ప్రతిపాదన, విమానాన్ని ఇంకో ఊరికి మళ్ళించడం. అప్పలకొండ రాజమండ్రికి ఫోను చేశాడు. అక్కడి మేనేజరు సంగతంతా విని ఒకటే మాట అన్నాడు.

"దింపడం కాదు, మా ఊరి మీదుగా ఎగరనివ్వకండి. గోదావరి వంతెన దాటితే నేను రాతపూర్వకంగా అభ్యంతరం చెబుతాను."

రెండో ప్రతిపాదన సుచరితది. "చనిపోయినవాళ్ళ పేరు చెబితే? వాళ్ళకి ఉద్యోగం పోదు, బాధా ఉండదు. మొన్న స్టోర్స్ తాతారావుగారు పోయారు కదా..." అని నోరు జారి, తనే నాలిక్కరుచుకుని, తన గంట తనే ఒకసారి కొట్టుకుంది.

స్పీకర్లో జకరయ్య. "మేడమ్, ప్రయాణికులు అడుగుతున్నారు. రన్‌వే మీద రద్దీ అని చెప్పాం. కిటికీలోంచి చూస్తే ఒక్క విమానమూ లేదు. సగంమంది కొండమీద గుండు చేయించుకుని వస్తున్నారు. గోవిందనామాలు మొదలెట్టారు. ఒక పెద్దావిడ, బాబూ ప్రసాదం ఇంట్లో పంచుదామనుకున్నా, ఇక్కడే పంచెయ్యమంటావా అని అడుగుతోంది."

హేమనళినికి నవ్వూ రాలేదు, ఏడుపూ రాలేదు. ఆవిడ గోడమీదున్న వాతావరణ తెర చూస్తోంది. సముద్రం మీద మబ్బు ఒక నల్లటి నాలికలా ఒడ్డు వైపు చాచుకుంటోంది.

"ఒక్కసారి ఎక్కువ దిగినంత మాత్రాన ఆ డిస్కు పగిలిపోదు సార్," అంది, ప్రతి మాటా ఒత్తి పలుకుతూ. "లెక్కలో అంత వెసులుబాటు ఉంచే చెబుతారు. దిగాక విప్పి తీసేస్తాం, కోసేస్తాం. గాల్లో తిప్పుతూ ఉంటేనే ప్రమాదం. ఎవరికోసం తిప్పుతున్నాం?"

"భద్రత కోసం," అన్నారు ముగ్గురూ ఒకేసారి.

అప్పుడు సన్యాసినాయుడి మొహం వెలిగిపోయింది. ఆయన మొహం అలా వెలిగిందంటే ఎక్కడో ఏదో ఆరిపోతుందని ఆ ఆఫీసులో నానుడి.

"సార్! ఆయుష్షు తీరింది ఎడమ ఇంజన్ డిస్కుకే కదండీ? కుడిదానికేటీ లోటు లేదు. ఎడమ ఇంజన్ని గాల్లోనే ఆపించెయ్యండి. విమానం కుడి ఇంజన్‌తో దిగుతాది. అప్పుడు ఎడమ డిస్కు దిగినట్టు కాదు."

"మరి అది ఎలా వచ్చినట్టు?" అన్నారు జగదీశ్వర్.

"లగేజీ కింద వచ్చినట్టండి. బ్యాగేజీ టిక్కెట్టు నేను రాసేస్తాను."

జగదీశ్వర్ ఆయన భుజం తట్టారు.

"పిచ్చి పట్టిందా మీకు?" హేమనళిని గొంతు పైకి లేచింది. "మబ్బు వస్తుంటే, బాగా పనిచేస్తున్న ఇంజన్ని ఆపేసి, జనంతో నిండిన విమానాన్ని ఒంటి రెక్కతో దింపమంటారా? పైగా ఆపితే ఆ డిస్కు చల్లారుతుంది. చల్లారితేనే ఆయుష్షు ఖర్చయ్యేది!"

"చల్లారడం అకౌంట్స్‌లో లేదండి," అన్నాడు సన్యాసినాయుడు వినయంగా. "దిగడమే ఉంది."

"ఇంజన్ ఆపడానికి ఎవరి పేరైనా చెప్పాలా?" అని అడిగారు జగదీశ్వర్.

సుచరిత నియమావళి గుర్తుచేసుకుంది. "అక్కర్లేదు సార్. దిగడానికే పేరు. ఆపడానికి అక్కర్లేదు."

"మరింకేం!" ఆయన మైకు వైపు చెయ్యి చాచారు.

హేమనళిని మైకు ముందు నిలబడింది. ఆయన ఇటు వస్తే ఇటు, అటు వస్తే అటు.

"సార్, నాకు పది నిమిషాలు ఇవ్వండి. పేరు తెస్తాను."

"ఎక్కణ్ణుంచి?"

"తిరుపతి నుంచి."

"అయిదు," అన్నారు జగదీశ్వర్. "ఆ తర్వాత ఇంజన్ ఆగడం జరుగుతుంది."

తిరుపతి స్టేషన్ మేనేజరు మునిరత్నం మొదటి రింగుకే ఎత్తాడు. ఫోను పక్కనే కూర్చుని చెమటలు పోసుకుంటున్నాడని గొంతులోనే తెలుస్తోంది.

"మునిరత్నంగారూ, ఆపమని నేను సంతకం పెట్టానుగా. విమానం ఎలా ఎగిరింది?"

"ఎగిరిపాయ మేడమ్."

"దానంతటదే ఎగిరిందా?"

"నేను చెప్పకూడదు గదా మేడమ్. గంట కొడతారు."

"గంట ఇక్కడుంది. మీరు అక్కడున్నారు."

"యాడున్నా ఉద్యోగం ఒకటే గదా. మేడమ్, నేను శానా చెప్పి చూసినా. ఆపమని కాగితం వచ్చింది సార్, ఎగరేసేదానికి లేదు సార్ అని. నా ఎదురుగ్గానే ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. సాయంత్రం నాకు సన్మానం ఉంది, తిరుపతి ఖాతాలో అర ఉంది, ఎగరేసే దానికి అది చాలు, దిగేది విశాఖోళ్ళ సమస్య అన్నారు. నేనేం జేసేది?"

హేమనళిని కళ్ళు మూసుకుంది. సాయంత్రం సన్మానం ఉన్నవాడు ఈ భూమ్మీద ఒక్కడే. అతను ఇప్పుడు భూమ్మీద లేడు.

"ఆ పెద్దమనిషి ఇప్పుడెక్కడున్నారు?"

"మీ దగ్గరికే వస్తాండారు మేడమ్. ఇంకా దిగలేదా?"

ఆవిడ ఫోను పెట్టేసింది. పేరు దొరికింది. కానీ దొరికిన పేరు ఎందుకూ పనికిరాదు. తను పలికితే అది నింద. గంట మోగుతుంది, పేరు కొట్టేస్తారు, తన ఉద్యోగం పోతుంది, విమానం మాత్రం గాల్లోనే ఉంటుంది. మునిరత్నం పలికినా అంతే. తిలాపాపం తలా పిడికెడు పంచుకునే చోట అసలు పాపి నాలిక మాత్రమే నిజం చెప్పగలదు. ఏ పాపి చెబుతాడు?

జగదీశ్వర్ దగ్గరికొచ్చి గొంతు తగ్గించారు. తండ్రిలా.

"అమ్మా హేమనళినీ. ఇంకో మార్గముంది. ఎవరైనా తమంతట తాము స్వచ్ఛందంగా తమ పేరే చెప్పుకుంటే అది నింద కాదు. ఒప్పుదల. చెల్లుతుంది. ఇంజన్లు నీ విభాగం. నువ్వు చెప్పావనుకో, ఎవరూ ఆశ్చర్యపోరు."

"నా లైసెన్సు పోతుంది సార్. మళ్ళీ జన్మలో ఇంజన్ ముట్టుకోనివ్వరు."

"మేము చూసుకుంటాం కదా. లైబ్రరీలో ఒక పోస్టు ఖాళీగా ఉంది."

"నేను ఆపమన్న విమానం సార్ అది."

"ఆ సంగతి నీకు తెలుసు, నాకు తెలుసు. అది చాలదా?"

హేమనళిని వాతావరణ తెర చూసింది. నల్లటి నాలిక ఒడ్డుని నాకుతోంది. పైన గుండ్లు చేయించుకున్నవాళ్ళు, ప్రసాదం పొట్లాలు, గోవిందనామాలు. కింద ఒక లైసెన్సు. త్రాసు ఎటు మొగ్గుతుందో చూడ్డానికి పెద్దగా ఆలోచన అక్కర్లేదు. ఆవిడ మైకు దగ్గరికి నడిచింది. గోడలకి ఆనుకున్నవాళ్ళందరూ హమ్మయ్య అని ఒకేసారి ఊపిరి వదిలారు.

మైకు బొత్తాం మీద వేలు పెట్టేలోపే స్పీకర్ పలికింది.

"మేడమ్, జకరయ్య. ఇంకో చుట్టు తిరిగే ఓపిక ఆయిల్‌కి ఉంది, నాకు లేదు. దానికితోడు మీ మూడో వరస మనిషి ఒకడు. పక్క సీట్లోవాళ్ళు భయపడుతుంటే ఆయన ఏమంటున్నారో తెలుసా? 'భయపడకండి, మీరు ఈ పూటే ఇంటికి చేరుతున్నారంటే నా చలవే. అందరూ ఆపమన్నారు. నేనొక్కణ్ణే తెగించి ఎగరేయించాను' అని. ఆ గుండాయనెవరో దణ్ణం కూడా పెట్టాడట."

హేమనళిని వేలు బొత్తాం మీదే ఆగిపోయింది.

తిరుపతిలో ఫోను పక్కన చెమటలు పోసుకుంటున్నవాడు ఒక్క పేరు పలకలేక చచ్చిపోతున్నాడు. పైన మూడో వరసలో ఒకాయన ఆ పేరే వద్దన్నా వినకుండా ఊరంతా చాటుతున్నాడు. తప్పుకి పేరు ఉండకూడదు గానీ, మెప్పుకి ఉండకూడదని ఏ మాసోత్సవంలోనూ చెప్పలేదు.

ఆవిడ వెనక్కి తిరిగింది. "సార్, లాంజిలో మైకు సెట్టు ఉందా?"

"ఉంది. సన్మానానికి పెట్టించాం. ఎందుకు?"

"దివాకరంగారు రావడం ఆలస్యమవుతోంది కదా. పెద్దలు విసుక్కుంటారు. పైనుంచే ఒక నాలుగు మాటలు మాట్లాడితే?"

జగదీశ్వర్‌కి ఆ ఆలోచన తెగ నచ్చింది. ఆకాశం నుంచి సందేశం! ఢిల్లీవాళ్ళు జన్మలో మర్చిపోరు. "అప్పలకొండా, రేడియోని లాంజి స్పీకర్లకి కలుపు."

"రికార్డింగు కూడా ఆన్ చెయ్యి," అంది హేమనళిని.

"అది ఎప్పుడూ ఆన్‌లోనే ఉంటాది మేడమ్," అన్నాడు అప్పలకొండ. ఏదో అర్థమవుతున్నట్టు అతని కనుబొమలు నెమ్మదిగా పైకి లేస్తున్నాయి.

హేమనళిని మైకు నొక్కింది. "కెప్టెన్, క్యాబిన్‌లో సిబ్బంది మాట్లాడే ఫోను ఉంటుందిగా. దాన్ని మూడో వరస దాకా లాగి రేడియోకి కలపండి. మీరు విమానాన్ని రన్‌వేకి సూటిగా వరస కట్టండి. చక్రాలు దించండి."

"అనుమతి?"

"వస్తుంది. మీరు వరస కట్టండి."

"కడుతున్నా. మబ్బు అంచు కనబడుతోంది. ఇదే ఆఖరి అవకాశం మేడమ్. ఇది తప్పితే గుడ్డిగానే."

స్పీకర్లో గరగర. దూరంగా గోవిందనామాలు. ఆ మీదట గొంతు సవరించుకున్న శబ్దం.

"హలో. ఎవరూ?"

"హేమనళినిని సార్. కింద ఢిల్లీ పెద్దలు మీకోసం చూస్తున్నారు. మీ మాట లాంజిలో అందరికీ వినిపిస్తుంది. రికార్డు కూడా అవుతుంది."

"అలాగా!" గొంతు వెంటనే రెండు మెట్లు కిందికి దిగి గంభీరంగా మారింది. "ఆదరణీయులైన పెద్దలకు నమస్కారాలు. సమయపాలన అన్నది భద్రతకి తోబుట్టువు అని నేను ఎప్పుడూ..."

"సార్, ఒక్క మాట," అంది హేమనళిని. ఆవిడ గొంతులో గౌరవం తప్ప ఇంకేమీ లేదు. "తిరుపతిలో విమానాన్ని ఆపమని నేను సంతకం పెట్టాను. డిస్కు ఆయుష్షు తీరిందన్నాను. అయినా అది ఎగిరింది. ఆ నిర్ణయం ఎవరు తీసుకున్నారో పేరుతో సహా రికార్డులో ఉండాలి సార్. మీకేమైనా తెలుసా?"

కంట్రోల్ రూములో సుచరిత చేతిలో గంట సగం పైకి లేచి ఆగింది. హేమనళిని ఎవరి పేరూ పలకలేదు. అడిగింది, అంతే. జగదీశ్వర్ మొహంలో గులాబీ రంగు నెమ్మదిగా దిగిపోతోంది. "అమ్మా, స్పీకరు... ఆ స్పీకరు కట్టెయ్యమను..." అంటున్నారు గానీ, ఆ స్విచ్చికి అడ్డంగా అప్పలకొండ నిలబడి ఉన్నాడు. అతను కదలడం జరగలేదు.

"చక్రాలు దిగాయి," అన్నాడు జకరయ్య అదే లైన్లో. "రన్‌వే కనబడుతోంది. పేరు చెబితే దింపుతా. చెప్పకపోయినా దింపుతా, కానీ చెప్పండి."

పైన మూడో వరసలో దివాకరం నవ్వాడు. మొహమాటం నటించే నవ్వు.

"తెలియకేం హేమనళినిగారూ! ఎవరు తీసుకున్నారని అడుగుతున్నారా? మునిరత్నానికి అంత ధైర్యం ఎక్కడిది? కాగితం చూసి వణికిపోయాడు. మీరందరూ ఆగమన్నారు. అందరూ ఆగితే సంస్థ ముందుకు పోతుందా? ఆ కాగితం ఇదిగో, నా జేబులోనే ఉంది. ఎగరేయమన్నది నేను. పక్కనున్న ఈ పెద్దమనుషులందరూ సాక్షులు. రికార్డులో రాయించండి, స్పష్టంగా రాయించండి, రేపు ఇంకెవరో ఈ ఘనత తమదంటారు. పూర్తి పేరు ముక్కామల దివాకరం! దీర్ఘం మర్చిపోకండి. డైరెక్టర్, భద్రతా సంస్కృతి."